నల్లా గుర్తు మేయరు

"మన మేయరు ఎలా ఉన్నాడు?" అని పోయిన మంగళవారం కెనడా నుంచి నాకో మెసేజ్ వచ్చింది. పంపింది మా కంపెనీలో ఒకప్పుడు పనిచేసిన సేఫ్టీ ఆఫీసర్. వాళ్ళ ఊళ్ళో మళ్ళీ మేయరుకీ కౌన్సిలర్లకీ ఎన్నికలు వచ్చాయట. ఇళ్ళ ముందు గడ్డిలో అభ్యర్థుల పేర్లు రాసిన అట్టలు పాతి ఉన్న ఫోటో కూడా పెట్టాడు. ఆ అట్టలు చూస్తే బహ్రెయిన్ సల్మాబాద్‌లో మా లేబర్ క్యాంపు గుర్తొచ్చిందట.

జవాబు రాయడానికి నాకు ఒక పూట పట్టింది. అంతకు మూడు రోజుల ముందే జగిత్యాల అవతలి పల్లె నుంచి ఇంకో మెసేజ్ వచ్చి ఉంది. ఆ మేయరు పోయాడు. పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గడప దగ్గర కూర్చున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడని కొడుకు రాశాడు. గ్లాసు కడిగి బోర్లించాడన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

క్యాంపులో అందరూ ఆయన్ని కాక అనేవారు. తెలంగాణ వాళ్ళే కాదు, బీహారీలూ నేపాలీలూ కూడా. పంతొమ్మిదేళ్ళు బహ్రెయిన్‌లో ఉండి దీన్ని దుబాయి అనే అన్నాడు. "ఇది దుబాయి కాదండీ కాకా, బహ్రెయిన్" అని నేనొకసారి సరిదిద్దబోతే, "ఏదైతేంది సారూ, ఎండ ఒక్కటే, సైటు ఒక్కటే" అన్నాడు. సారూ అంటూనే నువ్వు అనేవాడు. మా అమలాపురం వైపు అలా పిలిస్తే మొహం మాడ్చుకుంటాం. ఆయన నోట వింటే మాత్రం ఇంట్లోవాళ్ళు పిలిచినట్టుండేది.

నేను ఆ కంపెనీలో టైంకీపర్ని. పొద్దున్నే బస్సు మెట్ల దగ్గర నిలబడి ఎవరు ఎక్కారో, ఎవరు ఎక్కలేదో నంబర్లు రాసుకోవడం నా పని. కాక పదిహేనేళ్ళు ఇనుప చువ్వలు కట్టి, మోకాళ్ళు అరిగిపోయాక సైటు ఆఫీసులో టీ పెట్టే పనిలోకి వచ్చాడు. కాగితాల మీద ఆ ఉద్యోగం పేరు ఆఫీస్ బాయ్. యాభై ఆరేళ్ళ బాయ్. టీ కాచేటప్పుడు కూడా నెత్తి మీద హెల్మెట్ తీసేవాడు కాదు. పైనుంచి టీపొడి పడుతుందా అని ఇంజనీర్లు నవ్వితే, "సేఫ్టీ అని మీరే అన్నరు గదా" అని పొయ్యి వైపు తిరిగేవాడు. అమాయకుడనుకునేవారు. వాళ్ళు పెట్టిన నియమాన్ని వాళ్ళ కళ్ళ ముందే పొల్లు పోకుండా పాటించి వాళ్ళకే చూపిస్తున్నాడని నాకు అర్థమవడానికి ఏడాది పట్టింది.

ఆయన ముందు "మనకెందుకు" అన్న మాట అన్నారో, అయిపోయారే. చేస్తున్న పని ఆపేవాడు. దగ్గరికొచ్చి, చాలా నెమ్మదిగా, "మనకు గాకుంటె ఎవలకు?" అని అడిగేవాడు. జవాబు వచ్చేదాకా కదిలేవాడు కాదు. బస్సు అద్దం పగిలి నెలైంది, మనకెందుకులే అన్నవాడూ, పప్పులో రాళ్ళొస్తున్నాయి, మనకెందుకులే అన్నవాడూ ఆ ప్రశ్నకి దొరికిపోయినవాళ్ళే. నేనైతే మూడుసార్లు దొరికాను. మూడుసార్లూ ఫోన్ వచ్చినట్టు నటించి తప్పించుకున్నాను.

ఇక ఓటంటే ఆయనకి పిచ్చి. దానికో కథ ఉంది. ఒకసారి సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు సరిగ్గా పోలింగు పడింది. గల్ఫ్‌కి వచ్చాక ఓటు వేసే అవకాశం అదే మొదలు. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని బడికి వెళ్తే, ఆయన ఓటు అప్పటికే ఎవరో వేసేసి పోయారు. ఊళ్ళో లేనివాడి ఓటు ఊరికే పోనిస్తారా? వేరేవాడైతే నాలుగు తిట్లు తిట్టి ఇంటికి వెళ్ళి అన్నం తినేవాడు. ఈయన గుమ్మంలో బైఠాయించాడు. సాయంత్రం దాకా కదల్లేదు. చివరికి అక్కడి ఆఫీసరు విసిగిపోయి, ఇలాంటి వాళ్ళకి వేరే కాగితం ఒకటి ఇస్తారు, అది పెట్టెలో వెయ్యరు, కవర్లో పెట్టి పక్కన ఉంచుతారు అని చెప్పాడు.

"ఏసిన" అన్నాడు కాక నాతో, టీ వడపోస్తూ.

"దాన్ని లెక్కపెడతారాండీ?"

"పెట్టరంట. గా సారే చెప్పిండు."

"మరెందుకు వెయ్యడం?"

"లెక్కపెట్టుడు వాళ్ళ పని. ఏసుడు నా పని" అని గ్లాసు నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగేళ్ళ కిందట కూడా కెనడాలో ఇలాగే ఎన్నికల రోజులు. సేఫ్టీ ఆఫీసర్‌ని మేమంతా కెనడా అనే పిలిచేవాళ్ళం. ఆయన కాపురం క్యాంపులో కాదు, రిఫా పట్నంలో ఒక విల్లాలో. వాళ్ళ ఊరు మరీ పెద్దదీ కాదట, చిన్నదీ కాదట. అక్కడ సొంతిల్లు ఉంది కాబట్టి మునిసిపల్ ఓటు ఉందట, ఇక్కడ కూర్చుని కంప్యూటర్‌లోనే వెయ్యచ్చట. అభ్యర్థుల కాగితాలు ప్రింటు తీసుకుని, కింద గీతలు గీసుకుంటూ పరీక్షకి చదివినట్టు చదువుతున్నాడు. టీ ఇవ్వడానికి వెళ్ళిన కాక అందులో కొన్ని పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "అడిగే తెచ్చిన" అని ముందే చెప్పి, "ఏం రాసిండ్రో జెర సదువు" అన్నాడు.

చదివి చెప్పాను. మేయరుకి నిలబడ్డ ఒకావిడ చెత్త బండి వారం వారం వచ్చేలా చేస్తానంటోంది. ఇంకొకాయన మంచు పడితే ముందు ఏ వీధిలో తీయాలో ఆ వరస మారుస్తానంటున్నాడు. కౌన్సిలర్లలో ఒకరు బస్సులు టైముకి తిప్పిస్తానంటున్నారు, ఒకరు నీళ్ళ పైపులు పాతబడ్డాయి, మార్పిస్తానంటున్నారు.

"అంతేనా? ఇంకేం లేదా?"

"అంతేనండి. మునిసిపాలిటీ కదా."

కాక వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "చెత్త. బస్సు. నీళ్ళు. మంచు ఇడిసిపెడితె గిదంత మన క్యాంపు ముచ్చటనే గదా సారూ. గా ఊరోళ్ళకేమో ఓటున్నది. మనకేమో క్యాంప్ బాస్ ఉన్నడు."

క్యాంప్ బాస్ అంటే క్యాంపు చూసుకోవడానికి కంపెనీ పెట్టిన మనిషి. చూసుకోవడం అంటే మమ్మల్ని చూసుకోవడం కాదు, కంపెనీ కోసం మమ్మల్ని చూస్తూ ఉండడం. రెండో అంతస్తులో ఆరు కుళాయిలుంటే నీళ్ళు వచ్చేవి రెండింటిలో. ఐదింటి బస్సు అందుకోవడానికి మూడున్నరకే బకెట్లు వరసలో పెట్టేవాళ్ళు. చెప్పినప్పుడల్లా క్యాంప్ బాస్ "ఖలాస్, అయిపోతుంది" అనేవాడు. ఆ మాట అంటూ ఏడాదిన్నర గడిపేశాడు.

అదే నెలలో, మాకు పని ఇచ్చే పెద్ద కంపెనీ వాళ్ళు ఒక మెలిక పెట్టారు. క్యాంపుకి కార్మికుల ప్రతినిధి ఒకడు ఉండాలి, ఆ పేరు తమకి రాసి పంపాలి అన్నారు. మా మేనేజరు క్యాంప్ బాస్‌ని పిలిచి ఒక పేరు చెప్పమన్నాడు. అతను తన గదిలో ఉండే ఫోర్‌మన్ పేరు చెప్పాడు. రెండు నిమిషాల పని. అప్పుడే ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళిన కాక, "సాబ్, ఓటు పెడ్తె మంచిగుంటది" అన్నాడట. మేనేజరు నవ్వి, టీలో చక్కెర తక్కువైందన్నాడట.

"ఏమన్నాడండి?" అని అడిగాను.

"వద్దనలే" అన్నాడు కాక. అదే అనుమతి అయింది.

శుక్రవారం మెస్సు హాల్లో పోలింగు పెట్టుకున్నాం. ఇద్దరే పోటీ. ఫోర్‌మన్‌ది బస్సు గుర్తు. కాకది కుళాయి, ఆయన భాషలో నల్లా. గుర్తు లేకుండా ఎన్నిక ఎలా జరుగుతుంది? టీ పొట్లాలు వచ్చిన అట్టపెట్టె బ్యాలెట్ పెట్టె అయింది. ఓటు కాగితాలు ఆఫీసులో ఎవరూ చూడకుండా జిరాక్స్ తీసిచ్చింది నేను. నా వీరత్వం అంతవరకే.

తగాదా అంతా సిరా దగ్గర వచ్చింది. నూట అరవై మంది కూడా లేరు, అందరికీ అందరూ తెలుసు, లిస్టులో టిక్కు పెడితే చాలదా అన్నాను. కాక నన్ను జాలిగా చూశాడు. "సిరా లేని ఓటు ఓటెట్లయితది సారూ?"

ఆ ఒక్క విషయంలో క్యాంపు క్యాంపంతా ఒక్కటైపోయింది. హిందీవాళ్ళు, బంగ్లావాళ్ళు, నేపాలీలు, ఎన్నడూ ఒక కూర మీద ఏకం కానివాళ్ళు, సిరా ఉండాల్సిందే అన్నారు. ఏ వేలికి అన్నది ఇంకో అరగంట. నేపాలీలు బొటనవేలి గోరు అన్నారు, మనవాళ్ళు చూపుడువేలు అన్నారు. ఎవరి దేశపు వేలు వాళ్ళదని చివరికి తేల్చారు. ఆఫీసు స్టాంపు ప్యాడు సిరా పూసి చూస్తే కడిగితే పోయింది. సల్మాబాద్‌లో వర్క్‌షాపులకి కొదవా? కాక పక్క సందులోకి వెళ్ళి, ఇనుప రేకు మీద గీతలు గీసే ముందు పూసే నీలం రంగు ఒక సీసా తెచ్చాడు. అది సబ్బుకి పోదు, రాయితో రుద్దినా పోదు. అందరూ మెచ్చుకున్నారు. మా కొంప ముంచింది ఆ మెచ్చుకోలే.

కాక ఓటు వేసి వచ్చి, వేలు ఎత్తి పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు. "ఈసారి నా ఓటు నేనే ఏసిన" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

నల్లా గెలిచింది. బాగా గెలిచింది. ధన్‌బహదూర్ అని నేపాలీ మేస్త్రీ ఒకడుండేవాడు, వాడు కాకని అమాంతం ఎత్తి బల్ల మీద నిలబెట్టి మేయర్ సాబ్ అన్నాడు. ఆ పేరు అలా వచ్చింది. మర్నాడు కెనడాకి చెప్తే, తమ ఊరి మేయరు ఇంకా తేలలేదు, మీదే ముందు తేలిందని సంబరపడ్డాడు.

కానీ అంతకు ముందే, ఆ శుక్రవారం సాయంత్రానికే ఫోటోలు మేనేజరుకి చేరిపోయాయి. ఓటు వేసినవాడల్లా నీలం వేలు చూపిస్తూ ఫోటో దిగి ఇంటికి పంపుకున్నాడు మరి. మేనేజరుకి అందులో ఎన్నిక కనబడలేదు, యూనియన్ కనబడింది. నాకు ఫోన్ చేశాడు. రేపు పొద్దున బస్సు దగ్గర వేళ్ళు చూసి, రంగు ఉన్నవాళ్ళ పేర్లూ నంబర్లూ అన్నీ రాసి పంపు, ఒక్కటి తప్పినా నీ నంబరు కలుపుతాను అన్నాడు. దొంగ ఓటు పడకుండా మేమే గుర్తు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ గుర్తుతోనే దొరికిపోయాం.

వెళ్ళి కాకకి చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని వేలి వంక చూసుకున్నాడు. "అంత మంచిగ చేసినం. సిరా కాడ తప్పు చేసిన" అన్నాడు. నువ్వేం చేస్తావని నన్ను అడగలేదు. అడగనందుకు లోలోపల సంతోషించాను, ఆ సంగతి దాచను.

తెల్లవారి బస్సు దగ్గర క్యాంప్ బాస్ నా పక్కనే నిలబడ్డాడు. గదుల్లోంచి ఒక్కొక్కరే వచ్చారు. అందరి చేతులకీ గ్లౌజులు. సైటులో వేసుకోమని కెనడా నెత్తీ నోరూ కొట్టుకున్నా వేసుకోని గ్లౌజులు. ఓటు వెయ్యనివాళ్ళూ వేసుకున్నారు. ఓడిపోయిన ఫోర్‌మన్ కూడా వేసుకుని, మా మొహాలు చూడకుండా బస్సెక్కాడు. తీయండి అని క్యాంప్ బాస్ అరిస్తే, ధన్‌బహదూర్ గోడ మీద అంటించిన కాగితం చూపించాడు. సేఫ్టీ సామాను లేకుండా బస్సు ఎక్కరాదని దాని మీద నాలుగు భాషల్లో ఉంది.

అందరికంటే వెనక కాక వచ్చాడు. హెల్మెట్ ఉంది. చేతులు వట్టివి. గదిగదికీ తిరిగి గ్లౌజులు వేసుకోమని చెప్పింది ఆయనే. నా ముందు ఆగి చూపుడువేలు చాపాడు.

"రాయి."

"కాకా, గ్లౌజులు వేసుకురండి. బస్సు ఆపుతాను."

"సిరా తెచ్చింది నేను. గా తప్పు నాది. ఓటేసినోడు ఏలు దాసుకుంటడా? రాయి సారూ."

కొడుకు పాలిటెక్నిక్ అయ్యేదాకా ఇంకో రెండేళ్ళు ఉండాలన్నది ఆయన లెక్క. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను. క్యాంప్ బాస్ చూస్తున్నాడు కదా అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. చూస్తే చూడనీ, పెన్ను ఉన్నది నా చేతిలో. ఆ రోజు నా కాగితం మీద ఉన్నది ఒకే ఒక్క పేరు. అందుకే ఇక్కడ ఆ పేరు రాయడం లేదు. ఒకసారి రాసింది చాలు.

కాంట్రాక్టు పొడిగించడం లేదని పన్నెండు రోజుల్లో పంపేశారు. కెనడా ఇది అన్యాయమని పైవాళ్ళకి పెద్ద మెయిల్ ఒకటి రాశాడు. దానికి జవాబు వచ్చేలోగా కాక విమానం ఎక్కేశాడు. ఆ పన్నెండు రోజులూ మేనేజరుకి టీ ఇచ్చింది కూడా ఆయనే, చక్కెర సరిగ్గా వేసి. ఎయిర్‌పోర్టుకి వెళ్ళే వ్యాన్ తలుపు నేను తీసి పట్టుకున్నాను. ఆయనే అన్నాడు. "నువ్వు రాయకుంటె ఇంకోడు రాస్తుండె. గని నువ్వు రాయకుంటె మంచిగుంటుండె." కోపంగా అనలేదు. తర్వాత సంచీ సర్దుకుని, "రెండో అంతస్తు నల్లాల ముచ్చట మరువకు" అన్నాడు.

గుర్తుపెట్టుకోవలసిన అవసరం రాలేదు. ఆయన్ని పంపిన నెలలోనే మిగిలిన నాలుగు కుళాయిలూ బాగుచేశారు. భయమో సిగ్గో, వాళ్ళకే తెలియాలి.

ఆ తర్వాత కంపెనీకి కొత్త తలనొప్పి మొదలైంది. ప్రతినిధి పేరు పంపాలి కదా, అదీ కార్మికులు ఒప్పుకున్న పేరే కావాలని పెద్ద కంపెనీ ఇప్పుడు పట్టుబట్టింది. ఆఫీసు నుంచి ఒకాయన ఫారం పట్టుకుని మెస్సు హాల్‌కి వచ్చి, మీకు ఎవరు కావాలో చెప్పండి అన్నాడు. ధన్‌బహదూర్ లేచి కాక అన్నాడు. ఆయన దేశంలో లేడన్నాడు ఫారం ఆయన. "మాలూమ్ హై" అన్నాడు వీడు. ఉన్నవాళ్ళలో ఎవరినైనా చెప్పమంటే ఇంకొకడు లేచి కాక అన్నాడు. చేతులెత్తమంటే హాలంతా ఎత్తింది. ఆరు నెలలకి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ కాకే. ఇలా నాలుగేళ్ళు. బెదిరించారు, బుజ్జగించారు, కొత్తగా వచ్చినవాళ్ళనైనా లాగుదామని చూశారు. కాక మొహం ఎన్నడూ చూడని కుర్రాళ్ళు కూడా కాక పేరే చెప్పారు. ఆ గడి ఖాళీగానే వెళ్ళేది. నేను మాత్రం గోడ పక్కన నిలబడి చూసేవాణ్ణి. స్టాఫ్ కదా, నాకెందుకు.

ఆయన పోయిన సంగతి మెస్సులో నేనే చెప్పాను. కెనడాకి కూడా, మేయరు పోయాడు అని రాశాను. ఆయన తర్వాత ఎవరు అని అడిగాడు. ఎవరూ లేరని రాసి, ఆ అక్షరాలు చూస్తూ కూర్చున్నాను.

మొన్న శుక్రవారం ఫారం ఆయన వచ్చాడు. పెన్ను మూత తీసి, ఎవరు అన్నాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ హాలు నోరు మూసుకుంది. ధన్‌బహదూర్ నేల చూస్తున్నాడు. ఫారం ఆయన మొహంలో వెలుగొచ్చింది. "సరే, అయితే క్యాంప్ బాస్‌ని అడిగి నేనే ఒక పేరు వేసుకుంటాను" అన్నాడు.

"నేను నిలబడతాను" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. నువ్వు స్టాఫ్ కదా అన్నాడు. నేనూ ఈ క్యాంపులోనే పడుకుంటాను, ఈ నీళ్ళే తాగుతాను అన్నాను. మేనేజరు అప్పటి మేనేజరే. నా కాంట్రాక్టు వచ్చే జనవరి దాకే. ఇవన్నీ తెలిసే అన్నాను.

"సరే, నీ పేరే రాస్తాలే, గొడవ లేకుండా" అన్నాడు.

"రాయద్దు. ఓటు పెట్టండి. ఇంకెవరైనా నిలబడతారేమో అడగండి."

ధన్‌బహదూర్ లేచాడు. నా వైపు చూడలేదు. తనూ నిలబడతానన్నాడు.

వచ్చే శుక్రవారం పోలింగు. ధన్‌బహదూర్ అంటే క్యాంపులో అందరికీ ఇష్టం. నేను గెలుస్తానన్న నమ్మకం లేదు. అయినా డ్యూటీ దిగగానే గదిగదికీ తిరుగుతున్నాను, ఒక్కో మంచం దగ్గరా నిలబడి అడుగుతున్నాను. నిన్న మూడో అంతస్తులో సిరిసిల్ల మనిషి ఒకడు నా మొహం మీదే అనేశాడు. "నీకు ఎయ్య సారూ. కాక పేరు రాసింది నువ్వే గదా."

"అవును, నేనే" అన్నాను. అయినా నాకు వెయ్యమని అడిగాను.